విజయనగరం నుంచి హోల్మ్‌డెల్ కొండ దాకా: 21 నెలలు

పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టింది 2024 ఫిబ్రవరి 12న. అమెరికాలోని ఆ కొండ ఎక్కింది 2025 నవంబరు 28న. తిరిగొచ్చినప్పటినుంచి మా వీధివాళ్లు, పాత విద్యార్థులు, పెన్షనర్ల సంఘంలో మిత్రులు అందరిదీ ఒకటే ప్రశ్న. “ఏటి మాస్టారూ, అన్నాళ్లెందుకు పట్టింది? ఎంతయింది?” ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు రాసేస్తే వెళ్లబోయేవాళ్లకి పనికొస్తుందని కూర్చున్నాను.

మా అల్లుడు 2022లో ఉద్యోగం మారినప్పుడు కొత్త ఆఫీసు ఊరి పేరు ఫోన్లో చెప్పాడు. హోల్మ్‌డెల్, న్యూజెర్సీ. నాకు కాసేపు మాట రాలేదు. జూనియర్ కాలేజీలో 29 ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. సిలబస్ తొందరగా అయిపోయిన ప్రతి ఏడాదీ చివరి క్లాసు ఆ ఊరి గురించే చెప్పేవాణ్ణి. కాలేజీ టీవీ పెట్టి, ఛానెల్ లేనిచోట ఆపి, తెరమీద గిజగిజలాడే చుక్కలు చూపించి, “వీటిలో కొద్ది వంతు విశ్వం పుట్టినప్పటి వెలుగురా” అని చెబితే పిల్లలు నోరు తెరుచుకుని చూసేవారు. ఆ వెలుగుని 1964లో మొదట పట్టుకున్న యాంటెనా ఉన్న కొండ హోల్మ్‌డెల్‌లో ఉంది. అల్లుడికి ఆ సంగతి తెలియదు. “అవునా మావయ్యగారూ, నేను చూస్తే అన్నీ పెద్ద పెద్ద ఇళ్లే” అన్నాడు.

పాస్‌పోర్టు తేలిగ్గానే వచ్చింది. విశాఖలో మర్రిపాలెం కేంద్రానికి వెళ్లాం, గంటన్నరలో పని ముగిసింది. అరవై దాటినవాళ్లకి ఫీజులో పది శాతం తగ్గిస్తారని అక్కడికి వెళ్లాకే తెలిసింది. 1500కి బదులు 1350. పోలీసు విచారణ వారంలో అయింది, మార్చి మొదటివారంలో పుస్తకాలు చేతికొచ్చాయి.

అసలు నిరీక్షణ ఆ తర్వాత మొదలైంది. వీసా ఫారం, అదే డీఎస్-160, మన ఊళ్లో ఒక నెట్ సెంటర్ అబ్బాయి చేత నింపించాను. ఇద్దరికీ మూడు వేలు తీసుకున్నాడు. వీసా ఫీజు మనిషికి 185 డాలర్లు, ఇద్దరికీ కలిపి 31 వేల పైచిలుకు. వీసా వచ్చినా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. 2024 జూన్‌లో డబ్బు కట్టి హైదరాబాద్ ఇంటర్వ్యూ తేదీలు చూస్తే అన్నిటికన్నా దగ్గరగా కనిపించింది 2025 ఆగస్టు 19. పధ్నాలుగు నెలలు! ఎవరైనా రద్దు చేసుకుంటే ముందు తేదీ దొరుకుతుందని అమ్మాయి అక్కడ పగలు, నేనిక్కడ పగలు, వంతులేసుకుని చూశాం. రెండు నెలలు చూసి విసుగొచ్చి మానేశాను. ఆ ఏడాదంతా పంటినొప్పి వచ్చినా, ఇంటికి సున్నం వేయించాలన్నా “అమెరికా వెళ్లొచ్చాక” అనడం అలవాటైపోయింది. నాకు 66, మా ఆవిడకి 61, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. పధ్నాలుగు నెలల తర్వాత ఆవిడ కొండెక్కగలదా అన్న బెంగ మాత్రం రోజూ ఉండేది.

ఇక్కడొక మాట గట్టిగా చెబుతాను. ఫారం ఎవరిచేత నింపించినా మీరు కూర్చుని అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంటర్వ్యూకి అయిదు రోజుల ముందు కాగితాలు సర్దుతూ చూస్తే మా ఆవిడ పాస్‌పోర్టు నంబరులో ఒక అంకె తప్పు పడి ఉంది. ఏడాది పైగా ఆ కాగితం మా బీరువాలోనే ఉంది, తీసి చూడలేదు. ఆ రాత్రి మాకు అన్నం సహించలేదు. అమ్మాయి అక్కడినుంచి ఫోన్లో అడుగుతూ కొత్త ఫారం నింపి, దాని నంబరు అపాయింట్‌మెంటులో మార్చేసరికి తెల్లవారుజామున మూడయింది. మనం పట్టుకెళ్లే ఫారం నంబరు, అపాయింట్‌మెంటు కాగితం మీది నంబరు ఒకటే కాకపోతే వెనక్కి పంపేస్తారట.

ఆగస్టు 16 సాయంత్రం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 18న వేలిముద్రలు, ఫొటో. ఆ కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లోనే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు, అరగంటలో అయిపోయింది. 19న నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరని మా బావమరిది ఇంట్లోనే వదిలేశాం. బయటికి వచ్చాక కారు పిలవడానికి ఫోన్ లేదు, బావమరిది నంబరు నోటికి రాదు. ఎండలో అరగంట నిలబడ్డాక ఒక ఆటో దొరికింది. నంబర్లు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ఇంటర్వ్యూ రెండు నిమిషాలు. తెలుగులో మాట్లాడొచ్చన్నారు, నేను ఇంగ్లీషులోనే చెప్పాను, మా ఆవిడ తెలుగులో చెప్పింది. అమ్మాయి ఏం చేస్తోంది, ఎన్నాళ్లుంటారు, మీరేం చేసేవారు, ఇంతకుముందు ఏ దేశమైనా వెళ్లారా. అంతే. ఇంటి పన్ను రసీదు, పెన్షన్ పుస్తకం, బ్యాంకు కాగితాలు, అన్నీ కలిపి మూడు కిలోల ఫైలు మోసుకెళ్లాను. ఒక్క కాగితం అడగలేదు. కొండ గురించి, యాంటెనా గురించి ఏం చెప్పాలో ఏడాది పాటు మనసులో వల్లించుకున్నాను, ఆ అవసరమూ రాలేదు. వీసా ఇస్తున్నామన్నారు. 28న పాస్‌పోర్టులు కొరియర్లో ఇంటికొచ్చాయి.

వెంటనే వెళ్దామంటే మా ఆవిడ సిరిమాను చూడకుండా కదలనంది. మూలా నక్షత్రం రోజున ఎప్పటిలాగే పుస్తకాలు పూజలో పెట్టాం. అక్టోబరు 7న పైడితల్లమ్మ సిరిమాను చూసి, 14న విశాఖలో విమానమెక్కాం. టిక్కెట్లు రానూపోనూ ఇద్దరికీ 2 లక్షల 36 వేలు, ఇన్సూరెన్స్ 41 వేలు. టిక్కెట్టు కొన్నప్పుడే ఆవిడకి చక్రాల కుర్చీ కావాలని చెప్పాం. దానికి డబ్బు తీసుకోరు. పెద్ద విమానాశ్రయాల్లో కిలోమీటర్ల కొద్దీ నడక ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటపడకుండా అడగండి.

అమ్మాయి వాళ్లు హోల్మ్‌డెల్‌లో ఉండరు. అక్కడి ఇళ్ల ధరలు వాళ్లకి అందలేదు. పక్కనే హేజ్‌లెట్‌లో అద్దెకున్నారు. మర్నాడే అల్లుడు కారులో హోల్మ్‌డెల్ చూపించాడు. ఒక్కో ఇంటి ముందున్న ఖాళీ జాగాలో మన కంటోన్మెంటులో నాలుగిళ్లు లేస్తాయి. ప్రహరీ గోడలు లేవు. గడ్డి, పెద్ద పెద్ద చెట్లు, వాటి కింద లేళ్లు. నిజంగా లేళ్లే, మన వీధుల్లో ఆవులు తిరిగినట్టు తిరుగుతున్నాయి. చాలా రోడ్ల పక్కన కాలిబాట లేదు, మనిషి జాడ లేదు. మా ఆవిడ కిటికీలోంచి చూసి చూసి, “ఏటండీ, ఇన్ని ఇళ్లున్నాయి, ఒక్క మనిషీ కనబడ్డేటి?” అంది.

నిజం చెప్పాలంటే ఆ మొదటి రెండు వారాలు వీసా కోసం ఎదురుచూసిన పధ్నాలుగు నెలలకంటే బరువుగా నడిచాయి. పొద్దున్నే పాలపేకెట్టుకి వెళ్లొచ్చే అలవాటు నాది, దారిలో పదిమంది పలకరిస్తారు. అక్కడ కారు లేకపోతే గడప దాటలేం. అమ్మాయి, అల్లుడు ఆఫీసుకి, మనవడు బడికి. మేమిద్దరం గోడ గడియారం చూస్తూ కూర్చునేవాళ్లం. మా ఆవిడ ఒకరోజు మధ్యాహ్నం ఊరికే ఏడ్చింది. ఎందుకని అడిగితే ఏం లేదంది. వెళ్లబోయే పెద్దవాళ్లకి ఇది ఎవరూ ముందు చెప్పరు, అందుకే రాస్తున్నాను.

దీన్నుంచి బయటపడేసింది అల్లుడి ఆఫీసున్న భవనమే. పూర్వం అది టెలిఫోను కంపెనీవారి పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్. ఈరో సారినెన్ అనే వాస్తుశిల్పి గీసినది. ఆయన 1961లో పోయారు, భవనం 1962లో తెరిచారు. కడుపు నిండా వెలుతురు పడేలా గాజు పైకప్పు, బయటంతా అద్దాలు. ఒకప్పుడు దాదాపు ఆరు వేలమంది అందులో పనిచేసేవారట. కాంతితో పరమాణువులని చల్లబరిచి నిలబెట్టిన పని 1985లో స్టీవెన్ చూ చేసింది హోల్మ్‌డెల్ బెల్ ల్యాబ్స్‌లోనే, దానికే 1997లో నోబెల్ వచ్చింది. 2006-07 నాటికి కంపెనీ దాన్ని వదిలించుకుంది. కూల్చేసే ఆలోచనలు కూడా జరిగాయి. 2013లో వేరేవాళ్లు కొని, ఆఫీసులూ దుకాణాలూ పెట్టి బెల్ వర్క్స్ అని పేరు పెట్టారు. ఊరి గ్రంథాలయం కూడా ఇప్పుడు ఆ కప్పు కిందే ఉంది. పొద్దున్న అల్లుడితోపాటు కారెక్కి అక్కడ దిగిపోయేవాళ్లం. లోపలే ఆ చివరినుంచి ఈ చివరికి నడక, తర్వాత గ్రంథాలయం. ఎవరూ ఎందుకొచ్చారని అడగరు. కాఫీ మాత్రం నాలుగు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లు. రెండో రోజునుంచి ఫ్లాస్కు పట్టుకెళ్లాం.

భవనం దారిలో మూడు కాళ్ల మీద నిలబడ్డ నీళ్ల ట్యాంకు ఉంటుంది. మనకి గంటస్తంభం ఎలాగో వాళ్లకి అదలాగ. తొలినాటి ట్రాన్సిస్టరు (రేడియో కాదు, దాని లోపలుండే మూడు తీగల చిన్న భాగం) ఆకారంలో కట్టారు. ట్రాన్సిస్టరు పుట్టింది ఈ ఊళ్లో కాదు, 1947లో అదే సంస్థవారి మరే హిల్ ప్రయోగశాలలో. అయినా మూడు తీగల ట్రాన్సిస్టరుని చేత్తో పట్టుకుని పాఠం చెప్పినవాడికి అంతెత్తున నిలబడ్డ ట్రాన్సిస్టరు కింద నడవడం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా.

గ్రంథాలయంలో రోజూ కనిపించే ఒక ముసలాయన ఉన్నారు, అక్కడే పనిచేసి రిటైరైన ఇంజనీరు. నేను ఫిజిక్స్ మాస్టారినని చెప్పగానే లేచి, కోటు వేసుకుని, మమ్మల్ని బయటికి తీసుకెళ్లారు. ఆవరణలోనే ఒక పక్క లోహపు శిల్పం. రోజూ అల్లుడు కారు పెట్టే చోటుకి దూరం కూడా కాదు, అతను ఎప్పుడూ చూడలేదట. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ గుర్తుగా 1998లో పెట్టారు. రేడియో టెలిఫోనుకి అడ్డొచ్చే శబ్దాలెక్కడివో కనిపెట్టమని కంపెనీ ఆయనకి పని అప్పగిస్తే, ఫోర్డు మోడల్ టి కారు చక్రాల మీద తిరిగే యాంటెనా కట్టి ఏళ్ల తరబడి విన్నాడు. ఉరుములు పోగా ఒక సన్నని బుస మిగిలింది. అది 24 గంటలకోసారి కాక 23 గంటల 56 నిమిషాలకోసారి హెచ్చుతోంది. అంటే సూర్యుడితో కాక నక్షత్రాలతో కలిసి తిరుగుతోంది! మన పాలపుంత నడిబొడ్డునుంచి వస్తున్న రేడియో తరంగాలవి. 1933లో లోకానికి చెప్పాడు. రేడియో ఖగోళశాస్త్రం అలా మొదలైంది. ఆ శిల్పాన్ని 1932 సెప్టెంబరు 16 రాత్రి 7 గంటల 10 నిమిషాలకి ఆయన యాంటెనా ఎటు తిరిగి ఉందో అటే నిలబెట్టారు.

మా ఆవిడకి సైన్సు అంత పట్టదు. ఆ దిక్కున ఏముందని అడిగింది. ధనుస్సు రాశి, మన మూలా నక్షత్రం పక్కనే అన్నాను. “మొన్న పుస్తకాలు పెట్టి పూజ చేసిన మూలేనా?” అని ఆ శిల్పాన్ని చాలాసేపు చూసింది. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో నేను చెప్పిన ఫిజిక్స్ ఆవిడ శ్రద్ధగా విన్నది ఆ రోజే. ఇంటికొచ్చాక అమ్మాయికి ఆవిడే చెప్పింది, నేను పక్కన కూర్చుని విన్నాను.

ఇక కొండ. క్రాఫర్డ్ హిల్, మాన్‌మత్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) అన్నిటికన్నా ఎత్తైన చోటు. మన లెక్కలో చిన్న గుట్టే, 120 మీటర్లుండదు. మొదటిసారి నవంబరు 8, శనివారం బయల్దేరాం. ఆ ముందు ఆదివారమే, అక్కడ ఏటా చేసినట్టు, చలికాలానికని గడియారాలు గంట వెనక్కి తిప్పారు, ఆ సంగతి మా లెక్కలోకి రాలేదు. మనవడి ఈత క్లాసయ్యాక వెళ్లేసరికి అయిదు కావొస్తోంది, చీకటి పడిపోయింది. వెనక్కి తిరిగాం. తర్వాతి వారం మా ఆవిడకి జ్వరం. అపాయింట్‌మెంటు లేకుండా చూసే క్లినిక్కుకి తీసుకెళ్తే రెండు గంటలు కూర్చోబెట్టి, గొంతు పరీక్ష చేసి, మామూలు మాత్రలే రాసి, 245 డాలర్లు తీసుకున్నారు. మా ఇన్సూరెన్సులో మొదటి 250 డాలర్లు మనమే పెట్టుకోవాలి. అంటే ఇరవై ఒక్క వేలు మన చేతిదే. ఇన్సూరెన్స్ కొనేటప్పుడు ఆ అంకె ఎంతో తప్పక అడగండి. మందులు మాత్రం ఇక్కడినుంచి చీటీతో సహా తీసుకెళ్లినవే ఆదుకున్నాయి.

నవంబరు 28, శుక్రవారం. ముందురోజు వాళ్ల థాంక్స్‌గివింగ్ పండుగ, అందరికీ సెలవు. పగలు పదకొండింటికే బయల్దేరాం. చలి గట్టిగా ఉంది. అక్కడ కొన్న కోట్లు, టోపీలు, రాలిన ఆకులమీద నెమ్మదిగా నడక. మా ఆవిడ ఒక చేయి అమ్మాయి భుజం మీద, ఒక చేయి కర్ర మీద వేసి, రెండుచోట్ల ఆగి, మొత్తానికి ఎక్కింది.

చెట్ల మధ్య కనిపించింది. పుస్తకంలో బొమ్మ ఎన్నిసార్లు చూసినా దాని పరిమాణం నా ఊహకి ఎప్పుడూ అందలేదు. పొడవు 15 మీటర్లు, ఒక పక్క సన్నగా మొదలై, నోరు తెరిచిన చోట ఆరు మీటర్ల చదరం. పెద్ద సన్నాయిని పక్కకి పడుకోబెట్టి నోటిని పైకి వంచినట్టుంటుంది. సన్నని కొసన చిన్న గది. ఆ గదిలోనే కూర్చుని బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ విన్నారు. 1959లో దీన్ని కట్టింది ఎకో అనే బెలూను ఉపగ్రహం నుంచి తిరిగొచ్చే సంకేతాలు అందుకోవడానికి. ఆ పని అయ్యాక వాళ్లిద్దరూ ఆకాశం వినడానికి తీసుకున్నారు. ఎటు తిప్పినా, పగలైనా రాత్రైనా, ఏ కాలమైనా, లెక్కకి మించి మూడున్నర డిగ్రీల కెల్విన్ శబ్దం (రేడియో శబ్దాన్ని ఉష్ణోగ్రత లెక్కలో కొలుస్తారు). తీగలు చూశారు, అతుకులకి టేపు వేశారు, లోపల గూడు పెట్టిన పావురాలని పట్టి దూరంగా పంపిస్తే అవి మళ్లీ వచ్చేశాయి. చివరికి వాటిని కాల్చేశారు. ఆ ముక్క చెప్పినప్పుడు నా మనవడు, “పాపం తాతా, వాటి తప్పేం లేదు కదా” అన్నాడు. లేదు నాయనా, పావురాలు పోయినా శబ్దం పోలేదు. అక్కడికి అరవై కిలోమీటర్ల లోపే ఉన్న ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో, విశ్వం పుట్టినప్పటి వెలుగు అలాంటి శబ్దంగా ఉండితీరాలని లెక్కకట్టి, వెతకడానికి పరికరం సిద్ధం చేసుకుంటున్నవాళ్లున్నారు. ఫోనులో మాట కలిసింది. 1965లో రెండు వ్యాసాలూ పక్కపక్కన అచ్చయ్యాయి, 1978లో పెంజియాస్, విల్సన్‌లకి నోబెల్ వచ్చింది.

ఇదంతా నేను 29 ఏళ్లు చెప్పిన పాఠమే. అక్కడ నిలబడి మనవడికి చెబుతుంటే రెండుసార్లు గొంతు పట్టేసింది. గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు. పెంజియాస్ 2024 జనవరిలో పోయారు. నేను పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టడానికి మూడు వారాల ముందు.

ఆ కొండ కూడా పోవలసిందేనని ఇంజనీరుగారు చెప్పారు. కంపెనీ స్థలాన్ని అమ్మేసింది, కొన్నవారు ఇళ్లు కట్టాలనుకున్నారు. యాంటెనా 1989లోనే జాతీయ చారిత్రక చిహ్నమైనా, నేల మాత్రం సొంత ఆస్తే. ఊరివాళ్లు సంతకాలు సేకరించి, టౌన్‌షిప్ (మన మునిసిపాలిటీ లాంటిది) సమావేశాల్లో లేచి మాట్లాడారు. చివరికి 2023లో టౌన్‌షిప్పే 55 లక్షల డాలర్లకి, మన డబ్బులో దాదాపు 45 కోట్లకి, సుమారు 35 ఎకరాలు కొనడానికి ఒప్పుకుంది. ఇప్పుడది రాబర్ట్ విల్సన్ పేరిట పార్కు. డబ్బున్న ఊరు కాబట్టి కొనగలిగిందని అల్లుడన్నాడు. నిజమే. కానీ డబ్బున్న ఊళ్లు చాలానే ఉంటాయి. ఆ పెద్ద ఇళ్ల తలుపుల వెనక మనుషులెవరూ లేరనుకున్న మాకు, ఆ మనుషులు చేసిన పని కొండమీద కనిపించింది.

జనవరి 10న, భోగికి నాలుగు రోజుల ముందు ఇంటికొచ్చేశాం. కోట్లు, డాక్టరు, హైదరాబాద్ ప్రయాణం కలుపుకుని మొత్తం 3 లక్షల 60 వేలయింది. అమ్మాయి పెట్టిన ఖర్చు ఇందులో లేదు.

గంటస్తంభం దగ్గర నా పాత విద్యార్థికి ఫొటో స్టూడియో ఉంది. యాంటెనా ముందు మనవడు నిలబడ్డ ఫొటో పెద్దది చేసి, చట్రం కట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. అది పట్టుకుని కాలేజీకి వెళ్లాను. ఇప్పుడున్న ఫిజిక్స్ మేడమ్ ల్యాబులో మేకు కొట్టించి, నా ఎదుటే తగిలించారు. ఆ టీవీ ఇంకా స్టోరు గదిలో ఉందట. కనెక్షన్ లేకపోయినా పర్లేదు, చుక్కలొస్తే చాలన్నాను. శనివారం రెండో పీరియడ్ నాకిచ్చారు.